కృత్తికలను కళ్లారా చూద్దాం



"మాది కృత్తికా నక్షత్రం" అని చెప్పుకునేవారికి మన ఇళ్లలో కొదువ లేదు. వారిలో ఆ నక్షత్రాన్ని ఆకాశంలో వేలెత్తి చూపగలవారు ఎందరు? అక్షరం రాని పల్లె రైతు దానినే పిల్లలకోడి అని పిలిచి, రాత్రి ఎంత గడిచిందో చెప్పేవాడు. చదువుకున్న మనకు పేరు మిగిలింది, వస్తువు జారిపోయింది.

అది ఒక్క తార కాదు. సుమారు 440 కాంతి సంవత్సరాల దూరాన, వెయ్యికి పైగా తారలు కూడిన గుచ్ఛం. కుమారస్వామిని పెంచిన కృత్తికలు ఆరుగురని పురాణం. తైత్తిరీయ సంహిత అంబ, దుల, నితత్ని మొదలుగా ఏడు పేర్లు చెప్పింది. ఆరా, ఏడా అన్న సందేహం అలా ఉండగా, 1610లో గెలీలియో తన చిన్న దూరదర్శినితో ఆరింటి చుట్టూ మరి ముప్పైకి పైగా తారలను చూసి చిత్రించాడు.

ఇందుకు వేలు పోసి పెద్ద దూరదర్శిని కొనవలసిన పని లేదు. ఈ గుచ్ఛం రెండు చంద్రబింబాలను పక్కపక్కన పేర్చినంత వెడల్పు. నూరింతలు పెంచి చూపే పరికరంలో సగమే పడుతుంది, సొగసు చెడుతుంది. పదింతలు పెంచే బైనాక్యులర్స్ గాని, తక్కువ పెంపు గల చిన్న దూరదర్శిని గాని చాలు. కార్తిక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల చెంతనే ఉండి వాటిని మరుగుపరుస్తాడు. కనుక ఆ తరువాతి అమావాస్య రాత్రులే తగినవి.

కావలసినది చీకటి. వెండితెర తారలకు నెలవైన మా శ్రీనగర్ కాలనీ పరిసరాలలో ఆకాశతారలకే చోటు కరువైంది. మాకు చేరువలోని బేగంపేటలో దశాబ్దాల పాటు తారల పటాలు తీసిన నిజామియా వేధశాల ఉండేది. నగర దీపకాంతి పెరగగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని దూరాన రంగాపూర్‌లో నెలకొల్పవలసి వచ్చింది. శాస్త్రజ్ఞులు ఊరు దాటి వెళ్లగలరు. మన పిల్లలు ఎక్కడికి వెళ్లగలరు?

దీపాలు వద్దనడం లేదు. వీధిదీపానికి పైన మూత ఉంటే వెలుగు నేలకే దిగుతుంది, దారీ కనిపిస్తుంది, నింగీ మిగులుతుంది. మేడల మీది దీపాలు రాత్రి ఒక్క గంట ఆర్పితే ఎవరికీ నష్టం లేదు. ప్రతి పాఠశాల ఒక బైనాక్యులర్స్ కొని, కార్తికంలో ఒక్క రాత్రి పిల్లలకు కృత్తికలను చూపాలి. ఇరవై ఏడు నక్షత్రాల పేర్లు వల్లె వేయించే ముందు ఒక్కదానినైనా చూపడం మన విధి.