గోదావరి నీళ్లు నిజంగా వృథాయేనా? మొగల్తూరు నుంచి చూస్తే లెక్క వేరు

పోలవరం–బనకచర్ల ప్రాజెక్టు 2025లో వార్తల్లో నలిగినంత కాలం ఒక మాట పదే పదే వినిపించింది. ఏటా 3,000 టీఎంసీల గోదావరి నీరు వృథాగా సముద్రంలో కలుస్తోంది, అందులో 200 టీఎంసీలు రాయలసీమకు మళ్లిస్తే తప్పేంటి అని. తెలంగాణ అభ్యంతరం చెప్పింది, కేంద్ర నిపుణుల కమిటీ ప్రతిపాదనను వెనక్కి పంపింది. గొడవంతా రెండు రాష్ట్రాల వాటాల చుట్టూనే తిరిగింది. నది చివర, సముద్రం పక్కన ఉన్న మొగల్తూరు, నరసాపురం మండలాల సంగతి పెద్దగా చర్చకే రాలేదు.

3,000లో 200 అంటే ఏడు శాతం లోపే. సీమకు నీళ్లు వద్దనే మనసు డెల్టాలో ఎవరికి మాత్రం ఉంటుంది? అసలు చిక్కు నీరు ఎప్పుడు వస్తోంది, దానితో పాటు ఏం వస్తోంది అన్నదాంట్లో ఉంది.

గోదావరి నీరు చాలావరకు వానాకాలం నాలుగు నెలల్లోనే వచ్చి పోతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే బ్యారేజీ నుంచి ఎండాకాలంలో దిగువకు పోయేది దాదాపు ఏమీ ఉండదు. దాళ్వాకు సీలేరు నీటి మీద ఆధారపడి, వంతులు పెట్టుకుని కాలువలు నడుపుకోవాల్సిన పరిస్థితి. పశ్చిమ డెల్టా కాలువలకు మొగల్తూరు శివారు. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలిందే ఇక్కడికి దిగాలి.

పై నుంచి మంచినీరు తగ్గేసరికి వశిష్ఠ పాయలోకి, తీరం దగ్గరి డ్రెయిన్లలోకి పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు ఎక్కుతుంది. బోరు నీళ్లు ఉప్పగా మారతాయి, చేలో చౌడు తేలుతుంది. వరి గిట్టని చోట రొయ్యల చెరువు వస్తుంది, చెరువు వచ్చాక పక్క చేను కూడా ఉప్పెక్కుతుంది. అలాగని చెరువులన్నీ నది వల్లే వచ్చాయనడం సరికాదు. లాభం చూసి తవ్వినవీ తక్కువేం కాదు.

మడ అడవులదీ ఇదే బాధ. మడచెట్టు ఉప్పునీటి చెట్టే కదా అనుకుంటాం గానీ, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటే అది ఏపుగా పెరుగుతుంది. ఉప్పు మరీ ఎక్కువైతే మొలకలు నిలవవు. సముద్రంలో దొరికే రొయ్యల్లో, చేపల్లో చాలా రకాలు పిల్లలుగా ఉన్నప్పుడు ఆ మడల నీడలోనే పెరుగుతాయి. అవి పోతే దెబ్బ వలల వాళ్లకే కాదు, ఎండుచేపల బుట్ట ఎత్తుకుని ఊళ్లు తిరిగే ఆడవాళ్లకు కూడా.

ఇక ఒండ్రు. డెల్టా అంటేనే నది వేల ఏళ్లుగా జమ చేసిన మట్టి. సముద్రం రోజూ కొంత డ్రా చేస్తుంది, నది ఏటా డిపాజిట్ చేస్తుంది. ఆంధ్రా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1970–79 మధ్య గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు 15.02 కోట్ల టన్నులు, 2000–06 నాటికి అది 5.72 కోట్ల టన్నులకు పడిపోయింది. అంటే మూడింట రెండొంతుల దాకా పోయినట్టే. పైన కట్టిన జలాశయాల్లో నీటితో పాటు మట్టీ ఆగిపోతోంది. డిపాజిట్ తగ్గినా డ్రా ఆగలేదు. 1965 నుంచి 2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో కొత్తగా మేట వేసినది తీసేశాక కూడా 76 చదరపు కిలోమీటర్లు సముద్రంలో కలిసిందని అదే అధ్యయనం తేల్చింది. ఎకరాల్లో చెబితే పద్దెనిమిది వేలకు పైనే. గ్యాస్ తీయడం వల్ల కూడా నేల కుంగుతోందన్న వాదన ఉంది, దాని మీద వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఒండ్రు తగ్గిందన్నది మాత్రం కొలిచి చెప్పిన లెక్క.

కాబట్టి పోలవరం పూర్తయ్యాక ఎన్ని టీఎంసీలు ఎటు పోతాయన్న ప్రశ్నతో పాటు ఇంకో రెండు అడగాలి. ఎండాకాలంలో ధవళేశ్వరం దిగువకు కనీసం ఎంత వదులుతారు? జలాశయంలో చేరే ఒండ్రును కిందికి పంపే ఏర్పాటు ఏంటి? 200 టీఎంసీల ప్రతిపాదన మళ్లీ ఏ పేరుతో వచ్చినా, నివేదికలో ఈ రెండింటికీ అంకెలతో జవాబు ఉండాలి. శివారు గ్రామాల్లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టమని అడగడం కూడా న్యాయమే.

ఈలోపు గల్ఫ్ సంపాదనతో పేరుపాలెం వైపు స్థలం కొనాలనుకునేవాళ్లు, చెరువు కౌలుకు తీసుకోవాలనుకునేవాళ్లు దస్తావేజు ఒక్కటే చూసి సంతకం పెట్టకపోవడం మంచిది. పాత గ్రామ పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి తీరం ఎంత జరిగిందో చూసుకోవాలి. బోరు నీళ్లు వానాకాలంలో కాదు, మే నెలలో రుచి చూడాలి.