మెడ పట్టేసిందని చెప్పనివ్వండి

యుద్ధవిమానం నడిపే కుర్రాడికి మెడనొప్పి వస్తే, ఆ సంగతి అందరికంటే ఆఖర్న తెలిసేది డాక్టరుకే. ముందు తోటి పైలట్లకు తెలుస్తుంది, తర్వాత అమ్మకు అనుమానం వస్తుంది. డాక్టరు దాకా వెళ్తే మెడికల్ కేటగిరీ తగ్గించి, కొన్నాళ్ళు విమానం ఎక్కనివ్వరని భయం.

మా అబ్బాయి ఎక్కడ పనిచేస్తున్నాడో రాయకూడదు కాబట్టి రాయను. ఆమధ్య వీడియో కాల్‌లో ఉండగా వెనక నుంచి ఎవరో పిలిస్తే వాడు తల తిప్పలేదు, కుర్చీతో సహా మొత్తం మనిషే తిరిగాడు. ఆర్థోపెడిక్ వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, అలా తిరగడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. గట్టిగా అడిగితే "ఏం లేదమ్మా, దిండు ఎత్తయింది" అన్నాడు.

దిండూ కాదు, పాడూ కాదు. విమానం ఒక్కసారిగా మలుపు తిరిగితే ఒంటి బరువు ఎన్నో రెట్లవుతుంది. దాన్నే వాళ్ళు 'జీ' అంటారు. తల, హెల్మెట్, మాస్కు కలిపి 6 కిలోలనుకున్నా 7 జీ దగ్గర 42 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర పైచిలుకు నెత్తిన పెట్టుకుని, పైగా వెనక్కి తిరిగి చూడాలి. శత్రువు వచ్చేది అటునుంచేగా! రక్తం కిందికి జారిపోకుండా జీ-సూట్ కాళ్ళనూ పొట్టనూ బిగించి పట్టుకుంటుంది. మెడకు మాత్రం అలాంటి ఆసరా ఏదీ లేదు.

జలుబు కూడా వీళ్ళకు చిన్న విషయం కాదు. ముక్కు, చెవులు దిబ్బడేసి ఉంటే విమానం దిగేటప్పుడు చెవిపోటు ప్రాణం తీస్తుంది. అలాగని గోంగూర పచ్చడితో పాటు పార్సిల్లో పెట్టి పంపే సెట్రిజిన్ వేసుకుంటే మగత. డాక్టరు ఇవ్వని మాత్ర వీళ్ళు మింగకూడదు.

చివరికి మావాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కొన్ని వారాలు ఫ్లయింగ్ ఆపి ఫిజియోథెరపీ చేయించారు. ఆ కబురు చుట్టాల్లోకి ఎలా పాకిందో గానీ, మా తోడికోడలు "తీసేశారటగా" అని జాలి ఒలకబోస్తూ ఫోన్ చేసింది. సంబంధం తెచ్చినవాళ్ళు "ఇప్పుడూ ఫైటరేనా అండీ?" అని ఆరా తీశారు. దాపరికం నేర్పేది ఉద్యోగం ఒక్కటేనా? పాతికేళ్ళ పిల్లాడి మీద ఇంతమంది పరువు మోపితే, నొప్పని వాడు ఎవరితో చెప్పుకుంటాడు?

నేలమీద ఉండటం నామోషీ అయితే బి.ఎస్. ధనోవా ఎయిర్ చీఫ్ మార్షల్ అయ్యేవారే కాదు. 1988లో ఆయన విమానంలోంచి ఎజెక్ట్ అయ్యాక, అంటే సీటుతో సహా బయటికి ఎగిరి తప్పించుకున్నాక, మళ్ళీ ఎగరడానికి 9 నెలలు పట్టింది. 2019 ఫిబ్రవరి 27న ఎజెక్ట్ అయిన పైలట్ అభినందన్‌నూ బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ డాక్టర్లు పరీక్షించి సరేనన్నాకే ఎక్కనిచ్చారు. ఆ సెప్టెంబరు 2న పఠాన్‌కోట్‌లో మిగ్-21లో అతనితో కలిసి ఎగిరింది ఈ ధనోవాయే.

దుండిగల్ వైమానిక దళ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్‌కు తల్లిదండ్రులను ఎలాగూ పిలుస్తారు. ఫొటోలు, టీలు అయ్యాక ఒక్క అరగంట డాక్టరు గారిని మా ముందు కూర్చోబెట్టండి. ఏ నొప్పి దాచకూడదో, ఏ మాత్ర పంపకూడదో, ఫ్లయింగ్ ఆపడమంటే ఏమిటో ఆయన్నే చెప్పనివ్వండి. హిందీలో చెప్పినా తంటాలుపడి అర్థం చేసుకుంటాం. తోడికోడళ్ళకు చెప్పుకునే పని మేం చూసుకుంటాం.