పరదేశపు తంత్రి, మన గానము



గడచిన మాసమున మా యింట నొక వివాదము పుట్టినది. పదునాలుగేండ్ల మా పెద్దమ్మాయి తనకు గిటారు కొనియిమ్మని యడిగినది. "ఇంట వీణ యుండగా నా సీమ వాద్యమెందుకే తల్లీ?" అని మా అత్తగారు మందలించిరి. మా వారు బడిపిల్లల వ్రాతపుస్తకములు దిద్దుకొనుచు మౌనము వహించిరి. తీర్పు చెప్పుట నా వంతయ్యెను. నాకు వెంటనే యేమియు తోచలేదు. ఆ రాత్రి వంటయింటి పని ముగించుకొనుచుండగా, మా రాజోలుకు ఏటి కావలియొడ్డున పుట్టిన యొక బాలుని చరిత్రము జ్ఞప్తికి వచ్చినది. దానినే నేడు మీకు విన్నవింతును.

చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ గోదావరిని దాటి పోయినచో పాలకొల్లు వచ్చును. పంచారామములలో నొకటియైన క్షీరారామ మచ్చటనే కలదు. ఆ యూర 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఉప్పలపు శ్రీనివాసు జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాయించెడివారు. ఆరేండ్ల ప్రాయమున నా పిల్లవాడు తండ్రిగారి మాండలిన్ చేతబట్టెను. మాండలిన్ ఇటలీ దేశమున వర్ధిల్లిన వాద్యము. గిటారునకు దగ్గరి చుట్టము. మన సంగీతమున దానికి పీట వేసినవారు గాని, పాఠము చెప్పువారు గాని నాడు కానరారు.

చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు రుద్రరాజు సుబ్బరాజుగారు ఆ బాలుని శిష్యునిగా గైకొనిరి. వారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడుచుండెడివారు, బాలుడు విన్నదానిని తంత్రులపై వెదకి పట్టుకొనుచుండెడివాడు. ఇది లోపమువలె తోచును గాని, ఆలోచింపగా నదియే వరమయ్యెనని నా తలంపు. చేతివ్రేళ్ళ పాఠము లేకపోవుటచేత కంఠమే యతనికి పాఠమైనది.

ఇందలి కష్టమేమో వీణ నేర్చిన సోదరీమణులకు తెలియును. మన వీణమెట్లు మైనముపై నెత్తుగా నిలిచియుండును గనుక తంత్రిని ప్రక్కకు లాగి గమకము పలికింపవచ్చును. మాండలిన్ మెడ పొట్టి, తంత్రులు జంటలు జంటలుగా నెనిమిది, అవి బిగువైనవి, మీటిన నాదము క్షణములో నారిపోవును. శ్రీనివాసు జంటతంత్రులను విడిచి ఒంటితంత్రులు కట్టెను; నాలుగింటికి తోడు అయిదవ తంత్రిని చేర్చెను; విద్యుత్తుతో నాదము నిలుచు మాండలిన్‌ను చేపట్టెను. అప్పుడు గాని కాంభోజి, తోడి యా చిన్న కొయ్యపై నొదుగలేదు.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున నతని తొలి కచేరి జరిగెను. అప్పటి కతనికి తొమ్మిదేండ్లు. 1981లో మద్రాసున మార్గశీర్షపు సంగీతోత్సవములలో వాయించెను. 1983లో బెర్లిన్ నగరమునందలి జాజ్ ఉత్సవమున త్యాగరాజస్వామి సంగీతమును వినిపించెను. 1995లో మైకేల్ బ్రూక్ అను కెనడా గిటారు విద్వాంసునితో గలసి "డ్రీమ్" అను సంపుటము వెలువరించెను. 1998లో పద్మశ్రీ లభించెను.

జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్లేయుడు 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించి, రాక్ సంగీతపు జోరును జాజ్‌తో మేళవించిన గిటారు విద్వాంసుడు. మన గమకములకై యతడు గిటారు మెట్ల నడుమ కొయ్యను గుంటలుగా తొలిపించుకొనెను! తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేనుతో గూడి యతడు నడపిన "రిమెంబర్ శక్తి" బృందమున మన పాలకొల్లు బిడ్డ సమానుడై కూర్చుండెను. తెల్లదొర గిటారు మనవైపు వంగినది. మన బాలుని మాండలిన్ లోకమువైపు చేయి చాచినది.

అట్టివాడు 2014వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన కాలేయవ్యాధిచే చెన్నైలో మరణించెను. నలువదియైదేండ్లే. ఆ వార్త విన్ననాడు ఏటి కీవలియొడ్డున మేమును కంట తడి పెట్టుకొంటిమి.

మా అత్తగారి కీ కథ చెప్పి, "అత్తయ్యగారూ, మీరు రేడియోలో ప్రీతితో వినెడి ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు సైతము సీమనుండి వచ్చినదే గదా" అంటిని. బాలుస్వామి దీక్షితులవారు దానిని మన గానమునకు మలచి రెండువందల యేండ్లు గడచినవి. ఇప్పుడు దానిని పరాయిదనువా రెవరు? సరస్వతీదేవి వీణ కచ్ఛపి, నారదునిది మహతి, తుంబురునిది కళావతి. దేవతలే తలకొక వాద్యము పట్టగా మన పిల్లలను ఒక్కదానికే కట్టివేయనేల?

అత్తగారు కొంతతడవు మిన్నకుండి, "మరి నీ వీణ మాటేమే?" అని యడిగిరి.

సోదరీమణులారా, ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. పెండ్లిలో మా నాన్నగా రిచ్చిన బొబ్బిలి వీణ గలీబుతోనే యటకపై పదునారేండ్లుగా నున్నది. పెండ్లిచూపులనాడు రెండు కీర్తనలు వాయించితిని. అటుపిమ్మట నెవరును వద్దనలేదు, నేనును ముట్టలేదు. శ్రీనివాసు చదువుకై యా కుటుంబము సొంతయూరు విడిచి మద్రాసు చేరినది. కుమారుని విద్యకై యట్లు చేయు తలిదండ్రులను కొందరినైన జూతుము. కుమార్తె విద్యకై కనీసము అటకనుండి వీణ దింపువారు మనలో నెందరు? ఆడపిల్ల సంగీతము పెండ్లిచూపులకు పెట్టు నగ కాకూడదని నా మనవి.

అమ్మాయికి నా తీర్పిది: ముందుగా ఒక యేడాది గురువుగారియొద్ద గాత్రము నేర్వవలెను; వేకువనే సాధన చేయవలెను; చదువు కుంటుపడరాదు. ఆ పిమ్మట గిటారు కొనుటకు మా వా రొప్పుకొనిరి. అది సంవత్సరమంటే మొగము చిన్నబుచ్చుకొన్నది గాని సమ్మతించినది.

వీణను మొన్న ఆదివారము దింపితిమి. తంత్రులు త్రుప్పుపట్టినవి, మైనము పగిలి రెండు మెట్లూడినవి. బాగుచేయువానికి కబురంపినాము. మీ యటకలపై నేమేమి యున్నవో చూచుకొని, వీలైనచో నాకు వ్రాయుడు.