ఎయిర్‌పోర్టు సాగనంపడానికేనా?

మా మరిది దుబాయ్‌కి తిరిగి వెళ్తుంటే మొన్న శంషాబాద్ దాకా వెళ్లాం. కోరుట్లలో అర్ధరాత్రి బయలుదేరితే తెల్లారేసరికి ఎయిర్‌పోర్టు. సకినాల డబ్బా బరువెక్కువని తీయడం, గాజు తలుపుల దగ్గర తోడికోడలు ఏడవడం, అన్నీ మామూలే. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ మాత్రం "అమ్మా, లోపల పనిచేసేటోళ్లు ఏం చదువుకున్నరే?" అని అడిగింది. తెలుగులో బీఏ చేసిన నాకు జవాబు తెలియలేదు.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో గల్ఫ్‌కి మనిషిని పంపని వాడ అరుదు. విమానం ఎక్కడం మనకు కొత్త కాదు. దాన్ని నడపడం, బాగుచేయడం, దానికి దారి చూపడం కూడా కొలువులేనని మాత్రం పిల్లలకు చెప్పం.

ఇంటికొచ్చి తెలుసుకున్నాను. పైలట్ కావాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 200 గంటలు విమానం నడపాలి. ఖర్చు నలభై, యాభై లక్షల మాట. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి బిడ్డ సయ్యదా సల్వా ఫాతిమా దాతల అండతో బేగంపేట ఏవియేషన్ అకాడమీలో నేర్చుకుని పైలట్ అయింది. అందరికీ అలాంటి దాతలు దొరకరని నాకూ తెలుసు.

అందుకే నాకు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం మీద మనసు పడింది. విమానం ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో చెప్పేది వాళ్లే. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినా చాలు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పెట్టే పరీక్ష రాయొచ్చు. రాత్రి డ్యూటీలుంటాయి. ఆడపిల్లకు రాత్రి డ్యూటీ ఏంటంటారా? బీడీల చాట ముందేసుకుని మన అమ్మలు ఏ పొద్దు దాకా కూర్చునేవారో మరిచిపోయామా!

సిరిసిల్లలో మా అక్క బిడ్డకు లెక్కలంటే ప్రాణం. సాంచాల చప్పుడు విని ఏది చెడిందో వాళ్ల నాన్నకంటే ముందే చెప్పే పిల్ల. విమానాల మరమ్మతు కోర్సుకూ ఎంపీసీయే కావాలి. "ఆడపిల్లకు ఎంపీసీ ఎందుకు" అని సీఈసీలో వేశారు. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఓపెన్ స్కూల్లో ఆ సబ్జెక్టులు మళ్లీ రాసుకోవచ్చట. పదో తరగతప్పుడే మేం నోరు అదుపులో పెట్టుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఏజెంట్ల చేతిలో దెబ్బతిన్న ఊళ్లు మనవి. "వంద శాతం ఉద్యోగం" అనే బోర్డు చూసి డబ్బు కట్టకండి. పైలట్, మరమ్మతు కోర్సులకైతే డీజీసీఏ గుర్తింపు ఉందో లేదో ముందు చూడండి.

బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా పేరుతో విమానాల ప్రదర్శన జరుగుతుంది. ఈసారి ఇద్దరు పిల్లల్నీ తీసుకెళ్తానని అక్కకు ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "టికెట్ ఎంతుంటదే?" అంది.