గ్రంథాలయం గడప దాటాలి

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలు, బహుమతులు, నాలుగు ఉపన్యాసాలు. 21వ తేదీ నుంచి బల్లల ముందు మళ్లీ పాత ముఖాలే. జనం చదవడం మానేశారని నిట్టూర్చడం తేలిక. జనం దగ్గరకు పుస్తకం వెళ్తోందా అన్నదే అసలు ప్రశ్న.

గుంటూరు సీమకు ఇది కొత్త సంగతి కాదు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. ఆనాడు కాలువే రహదారి. మనుషులు తిరిగే దారిలోనే పుస్తకం పెట్టారాయన.

ఇప్పుడు మనుషులు పాలకేంద్రం దగ్గర, బస్సు స్టాపులో, డ్వాక్రా సంఘం సమావేశంలో కనిపిస్తారు. వారానికొక పూట యాభై పుస్తకాల సంచీ అక్కడికి వెళ్లాలి. పగలంతా పొలంలో ఉండే మనిషి కోసం రాత్రి 8 గంటల దాకా దీపం వెలగాలి. ఒక్క ఉద్యోగితో నడిచే శాఖలో ఆయన బయటికి వెళ్తే తలుపుకు తాళమే కదా అంటారు. నిజమే. చదువుకున్న కుర్రాళ్లను తోడు తీసుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

ఇక డబ్బు. ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పుస్తకం ముట్టని ఇల్లు కూడా కడుతున్నదే. వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయని పంచాయతీలున్నాయి. ఈ ఏడు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది? వచ్చే గ్రామసభలో గ్రామస్తులు సర్పంచిని, కార్యదర్శిని లెక్క అడగాలి.