సాలీడు చేసిన పాపమేమిటి?

జపాను రాక్షస చిత్రాల ప్రస్తావన రాగానే మన సాహితీమిత్రులు రెండు మాటలలో ఒకటి అంటారు. "అవి పిల్లల సినిమాలు. వాటి మీద వ్రాయడానికేముంది?" అన్నది మొదటిది. "అటువంటి కల్పన తెలుగువాడికి చేతకాలేదు. వాళ్ళకు గాడ్జిల్లా ఉన్నాడు, మనకెవరున్నారు?" అన్నది రెండవది. మొదటివారు చూడకుండా తీర్పు చెబుతున్నారు. రెండవవారు తమ ఇంట్లో వెదకకుండానే పొరుగింటి పెరుగును మెచ్చుకుంటున్నారు. ఈ ఇద్దరితోనూ నాకు పేచీ ఉన్నది. ఆ పేచీకి సాక్షిగా ఒక సాలీడును పిలుస్తున్నాను. దాని పేరు కుమోంగా.

గంగవరంలో కూర్చుని జపాను సాలీడు గొడవ నీకెందుకయ్యా అని అడగవచ్చు. ఆ గొడవ చివరకు మా కౌండిన్య అడవి అంచుకే వచ్చి ఆగుతుంది. కొంచెం ఓపిక పట్టండి.

జపాను భాషలో 'కుమో' అంటే సాలీడు. 1967 డిసెంబరులో విడుదలైన 'గాడ్జిల్లా కొడుకు' చిత్రంలో కుమోంగా మొదటిసారి తెర మీదకు వచ్చింది. దర్శకుడు జున్ ఫుకుదా. పైనుంచి తీగలు కట్టి, అనేకమంది కలిసి ఆడించిన బొమ్మ అది. మన తోలుబొమ్మలవాళ్ళు చూస్తే ఆ ఎనిమిది కాళ్ళ నడకకు తప్పక తల ఊపి ఉండేవారు.

కథ ఇది. సోల్గెల్ అనే దీవిలో కొందరు శాస్త్రజ్ఞులు వాతావరణాన్ని చెప్పుచేతలలో ఉంచుకోవడానికి రహస్యంగా ప్రయోగాలు చేస్తుంటారు. పెరుగుతున్న జనాభాకు తిండి పండించాలన్నది వారి సంకల్పం. మంచిదే. కాని ప్రయోగం వికటించి, రేడియో ధార్మికతతో కూడిన వేడిగాలి దీవిని కమ్ముకుంటుంది. అక్కడి గొల్లభామ పురుగులు కొండలంత పెరుగుతాయి. ఒక గుడ్డు పగిలి గాడ్జిల్లా పిల్ల బయటపడుతుంది. ఈ అలజడికంతకూ దూరంగా, ఒక లోయలో, మన్ను కప్పుకుని నిద్రపోతూ ఉన్నది కుమోంగా. దానిని ప్రయోగమూ పెంచలేదు, ఎవరూ పిలవనూ లేదు. తన లోయలో తాను పడి ఉన్నది. అలజడికి లేచింది. లేచి సాలీడు చేసే పనే చేసింది: దారం వదిలింది, చిక్కినదానిని పట్టింది. చివరకు తండ్రీకొడుకులిద్దరూ కలిసి దానిని నిప్పుతో కాల్చివేస్తారు.

ఆ తరువాతి దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. శాస్త్రజ్ఞుల యంత్రం ఎట్టకేలకు పనిచేసి దీవి మీద మంచు కురుస్తుంది. ఆ మంచులో గాడ్జిల్లా తన పిల్లను పొదువుకుని నిద్రలోకి జారుకుంటుంది. చూసేవారి కళ్ళు చెమరుస్తాయి. నాకూ చెమర్చాయి. కాని అదే దీవిలో కాలిపోయిన సాలీడు కోసం ఒక్క పాత్ర అయినా నిట్టూర్చదు. దీవి అంతటిలో ఏ తప్పూ చేయనిది అదొక్కటే. ప్రయోగం చేసింది మనుషులు. దాని ఫలితం గొల్లభామలు. నగరాలను తొక్కిన చరిత్ర గాడ్జిల్లాది. శిక్ష మాత్రం సాలీడుకు!

ఇది పిల్లల సినిమాలో చిన్న లోపమని కొట్టివేయడానికి వీలులేదు. ఎందుకంటే ఈ పరంపర మొదలైన తీరు వేరు. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబును పేల్చింది. ఆ బూడిద ఒక జపాను చేపల పడవ మీద రాలింది. పడవవారందరూ జబ్బుపడ్డారు, ఒకరు ఆ ఏడాదే చనిపోయారు. అదే సంవత్సరం నవంబరులో ఇషిరో హోండా మొదటి గాడ్జిల్లా చిత్రాన్ని తీశారు. ఆ రాక్షసికి ఒక కారణమున్నది. దానిని చూసి భయపడినవాడు బాంబును చూసి భయపడక తప్పదు. పదమూడేళ్ళు గడిచేసరికి అదే సంస్థ నిర్మించిన కథలో ఏ కారణమూ లేని రాక్షసి ఒకటి కావలసి వచ్చింది. పేరుకు సాలీడు, చూపుకు వికారం. ఇక కారణమెందుకు? కాళ్ళు ఎనిమిదీ నేరానికి చాలునన్నమాట.

పాపం, జపానువారికి సాలీడు మీద ఈ కోపం కొత్తది కాదు. ఎనిమిదవ శతాబ్దం మొదట్లో వ్రాసిన వారి ప్రాచీన చరిత్ర గ్రంథాలు కొజికి, నిహోన్ షోకిలలో 'త్సుచిగుమో' అనే మాట ఉన్నది. మట్టి సాలీడు అని అర్థం. అది పురుగు పేరు కాదు. చక్రవర్తికి తలవంచని స్థానిక తెగలకు రాజాస్థానం పెట్టిన పేరు. వాళ్ళు పొట్టివాళ్ళనీ, చేతులూ కాళ్ళూ పొడుగనీ వ్రాశారు. సైన్యం తీగలతో వల అల్లి వాళ్ళను పట్టి చంపిందని కూడా వ్రాసుకున్నారు. గమనించారా? వల అల్లినది సైన్యం. సాలీడన్న పేరు మాత్రం వలలో పడి చచ్చినవాడిది. తరువాతి శతాబ్దాలలో ఆ తెగల సంగతి జనం మరచిపోయారు, పేరు మిగిలింది. ఆ పేరుకు ఎనిమిది కాళ్ళు మొలిచి, వీరుడి కత్తికి బలి అయ్యే భూతంగా మారింది. నో నాటకంలో ఆ భూతం ఈనాటికీ తెల్లని కాగితపు దారాలు విసురుతూనే ఉన్నది. ముందు మనిషిని సాలీడన్నారు, తరువాత సాలీడును రాక్షసి అన్నారు. ఈ రెండు మెట్లూ ఎక్కితే చంపడం సులువవుతుంది. 'పిల్లల సినిమా' అనే మిత్రులకు నా మొదటి జవాబు ఇది. పిల్లలకు ఎవరిని చూసి జాలిపడాలో, ఎవరిని కాలుస్తుంటే చప్పట్లు కొట్టాలో నేర్పే సినిమా అన్నిటికంటె పెద్ద సినిమా.

ఇక రెండవ మాట: "మనకెవరున్నారు?"

నిన్నమొన్నటిదాకా మా చిత్తూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళిన శ్రీకాళహస్తి పేరును ఒకసారి విడదీసి చదవండి. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. లోకంలో ఎన్ని క్షేత్రాలు తమ పేరులోని మొదటి అక్షరాన్ని సాలీడుకు ఇచ్చాయి? పదహారవ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఆ సాలీడు కథను చెప్పాడు. అది లింగానికి నీడగా తన కడుపులోని దారంతోనే గుడి కట్టింది, గోపురాలు కట్టింది. శివుడు పరీక్షించాడు. దీపం మంట తగిలి ఆ గుడి కాలిపోయింది. సాలీడుకు కోపం వచ్చి, ఆ దీపాన్నే మింగబోయింది. శివుడు ప్రత్యక్షమై తనలో కలుపుకున్నాడు.

రెండు కథలలోనూ సాలీడు ఉన్నది, దారమున్నది, నిప్పు ఉన్నది. అక్కడ నిప్పు పెట్టినవాడు వీరుడు, కాలినది రాక్షసి. ఇక్కడ నిప్పు పెట్టినవాడు దేవుడే అయినా, కాలిన గూటికి ఆయన బదులు చెప్పుకోవలసి వచ్చింది. సాలీడు మంట మీదకు దూకడం ధూర్జటికి బీభత్సం కాదు, భక్తి. సాలీడును కొండంత పెంచడానికి ఒక బొమ్మ చాలు. అంగుళం సాలీడును అంగుళంగానే ఉంచి దాని ముందు దేవుణ్ణి నిలబెట్టడానికి ధూర్జటి కావాలి. ఇప్పుడు చెప్పండి, కల్పన ఎవరికి చేతకాలేదు?

రాక్షసులే కావాలంటారా? విఠలాచార్య జానపద చిత్రాల ఒరవడిని గుర్తుచేసుకోండి. ఆ మాయా ప్రపంచంలో వికృతాకారం వెనుక తరచు ఒక శాపముంటుంది, శాపం వెనుక ఒక తప్పిదముంటుంది, ముందుకు పోతే విమోచనమూ ఉంటుంది. చదువుకున్నవాళ్ళం ఆ సినిమాలను చూసి నవ్వుకున్నాము. నవ్వుకోదగినవి అందులో ఉన్నాయి, కాదనను. కాని 'ఇది ఎందుకిలా అయింది?' అన్న ప్రశ్నను ఆ కథలు విడిచిపెట్టలేదు. కుమోంగాను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మన సినిమావాళ్ళ మీద నాకున్న ఫిర్యాదు వేరు. శ్రీకాళహస్తి అనగానే వాళ్ళు మళ్ళీ మళ్ళీ తిన్నని దగ్గరకే వెళ్ళారు: 1976లో బాపు 'భక్త కన్నప్ప', 2025లో మరొక 'కన్నప్ప'. తిన్నడు గొప్పవాడే. కాని 2012లో ఒక ఈగను నాయకుణ్ణి చేసి ప్రేక్షకులను కూర్చోబెట్టిన పరిశ్రమకు సాలీడు ఎందుకు భారమైందో నాకు అర్థం కాదు.

పురాణాన్ని సినిమాతో పోల్చడం న్యాయమా అని అడిగేవారుంటారు. న్యాయమే. రెండూ జనం భయాలను పోతపోసే అచ్చులే. ఏ అచ్చులో పోస్తే భయం ఆ ఆకారం తీసుకుంటుంది. దానికి రుజువు కోసం జపాను పోనక్కరలేదు.

గంగవరం, పలమనేరు, కుప్పం ప్రాంతాల రైతులకు హస్తి అంటే గుడి గోడ మీది శిల్పం కాదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. నాటినుంచి చెరకు, వరి, అరటి, టమోటా తోటలు రాత్రికి రాత్రి నేలమట్టమవుతూనే ఉన్నాయి. మనుషుల ప్రాణాలు పోయాయి. కరెంటు తీగలు తగిలి ఏనుగుల ప్రాణాలూ పోయాయి. కందకాలు తవ్వారు, సోలారు కంచెలు వేశారు. 2025లో కర్ణాటకనుంచి కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు.

రాత్రంతా మంచె మీద కాపలా కాసి, తెల్లవారి తొక్కుడుపడిన తోట చూసుకునే రైతు ఏనుగును రాక్షసి అంటే అతనిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. అతని నష్టానికి పరిహారం సకాలంలో అందవలసినదే. నా పేచీ వార్తను వండేవారితో. 'గజరాజుల బీభత్సం', 'మదపుటేనుగుల వీరంగం' అని శీర్షిక పెట్టి అంతటితో ఊరుకునేవారితో. అవి ఏ అడవినుంచి ఎందుకు కదిలాయి, వాటి దారిలో ఏమేమి లేచాయి అన్న ప్రశ్నలు ఆ శీర్షిక కింద చాలాసార్లు కనబడవు. కుమోంగా కథ వ్రాసిన తీరులోనే మా ఊరి వార్తను వ్రాస్తున్నారు. కారణం వ్రాయకపోతే రైతుకు మిగిలేది టపాకాయ, కంచె, శవం. కారణం వ్రాస్తేనే అడగవలసినవారిని అడగగలడు.

ఇక అసలు సాలీడు సంగతి. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలప దిమ్మెల దగ్గర దొరికిన ఒక సాలీడును లోకానికి పరిచయం చేశాడు. అరచేయంత ఉంటుంది, మెరిసే నీలం రంగు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. పాత చెట్ల తొర్రలలో బ్రతుకుతుంది. చెట్లు కొట్టేస్తే దానికి ఇల్లు లేదు. 2008లో దానిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. విదేశాలలో దాని అందం చూసి గాజుపెట్టెలలో పెంచుకుంటున్నారు. మన రాయలసీమ పిల్లవాడికి మాత్రం సాలీడంటే చీపురుకు పని.

జపాను చిత్రాలను చూడవద్దనడం లేదు. 1968 నాటి చిత్రంలో అదే కుమోంగా తోటి రాక్షసులతో కలిసి, ఫూజీ పర్వతం దగ్గర, లోకాన్ని కబళించవచ్చిన మూడు తలల ఘిడోరా మీద దారం వదలి పోరాడుతుంది. ఒక్క ఏడాదిలో రాక్షసి రక్షకురాలైంది. సాలీడేమీ మారలేదు. దారమూ అదే. మారినది కథ చెప్పినవారి చూపు. నేను మొదటినుంచీ అంటున్నదీ ఇదే.

మనకెవరున్నారని ఇంకొకసారి అడిగేముందు ఇంటి మూల చూరు వైపు చూడండి. అక్కడ ఒకటి ఎప్పటినుంచో గుడి కడుతూనే ఉన్నది. నా మాట తప్పని తోచినవారు వచ్చి వాదించండి. అయితే ముందు సాలీడు చేసిన పాపమేమిటో చెప్పి, తరువాత వాదించండి.