పెద్ద అంకె ఒక్కటే వేగం కాదు

స్టేషన్ ఘన్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ ఒకేసారి ఓవర్‌క్లాక్ చేసే (మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే) కుర్రాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: ముందు ర్యామ్‌ను మామూలు వేగంలోనే ఉంచి ప్రాసెసర్‌ను కుదుటపరచండి, ఆ తర్వాతే ర్యామ్ జోలికి వెళ్లండి. లేకపోతే కంప్యూటర్ ఆగిపోయినప్పుడు తప్పు దేనిదో తేలదు.

ఇక ర్యామ్ సంగతి. డీడీఆర్4 రకంలో 3200 వేగానికి సీఎల్ (అడిగిన డేటా రావడానికి పట్టే క్లాక్ సైకిళ్ల సంఖ్య) 16 పెట్టినా, 3600కు సీఎల్ 18 పెట్టినా డేటా రావడంలో ఆలస్యం 10 నానోసెకన్లే. రెండోదాంట్లో పెరిగేది డేటా ప్రవాహం. ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేస్తే ర్యామ్ వోల్టేజీ 1.2 నుంచి సాధారణంగా 1.35కు చేరుతుంది, మన మే ఎండల్లో ఆ వేడినీ లెక్కేసుకోవాలి.

ర్యామ్ తడబడితే ఫైళ్లు తెలియకుండానే పాడవుతాయి. అందుకే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపండి. ఒక్క తప్పూ రాకపోతేనే చదువు ప్రాజెక్టులు, ఇంటి ఫొటోలు ఆ కంప్యూటర్‌కు అప్పగించండి.